విన్నిపెగ్ మహానగరానికి సన్మాన పత్రం

రిటైరయ్యే హెడ్మాస్టరు దగ్గర్నుంచి కొత్తగా గెలిచిన సర్పంచి దాకా, దొరికినవాళ్ళకల్లా శాలువా కప్పి, ఫ్రేము కట్టించిన పత్రం చదివి వినిపించే జాతి మనది. పత్రం రాసేవాడికి ఉండే నియమం ఒక్కటే: పొగడాలి. నిజం చెప్పమని ఎవరూ అడగరు. ఈసారి మా సన్మాన సంఘం వాళ్ళకి ఒక సరదా పుట్టింది. పొగడ్త తగ్గకుండా, అబద్ధం కలవకుండా ఒక పత్రం రాసి చూద్దామనుకున్నారు. ఆ పరీక్షకు నిలబడగల ఘనుల కోసం ఖండాలు గాలిస్తే, కెనడా నడిబొడ్డున మనిటోబా రాష్ట్ర రాజధాని విన్నిపెగ్ దొరికింది. ఈ పత్రంలో సంగతులన్నీ చరిత్రవి. విశేషణాలు మాత్రమే మావి.

మహానగరమా!

ఏడున్నర లక్షల జనంతో, రెండు నదులు కలిసే చోట, చలికాలంలో సున్నాకి ముప్పై డిగ్రీలు కిందకి దిగినా చెక్కుచెదరకుండా వెలుగుతున్న తమకు ఈ శాలువా ఒక లెక్కలోది కాదని తెలుసు. అయినా స్వీకరించండి. తీసుకోవడం తమకు కొత్త కాదు.

నామసంగ్రహ నిపుణా!

తమ పేరు తమది కాదు. అక్కడి ఆదివాసుల క్రీ భాషలో 'విన్' అంటే మురికి, 'నిపి' అంటే నీళ్ళు. అనిషినాబె జనం మాట కూడా దీనికి దగ్గరలోనే ఉంటుంది. తమకు ఉత్తరాన ఉన్న పెద్ద సరస్సును ఆ జనం ఆ పేరుతో పిలుచుకునేవాళ్ళు. 1730లలో బొచ్చు వ్యాపారానికి వచ్చిన ఫ్రెంచివాళ్ళు దాన్ని తమకు తోచిన స్పెల్లింగులో కాగితం మీద పెట్టారు. 1866లో 'నార్‌వెస్టర్' పత్రిక తన తలకట్టులో ఊరి పేరుగా అచ్చేసింది. 1873 నవంబరు 8న తమరు నగరంగా రిజిస్టరైనప్పుడు అదే ఖాయమైంది.

ఇక్కడ తమ నిగర్వాన్ని మెచ్చుకోవాలి. పక్క రాష్ట్రం సస్కాచెవాన్‌లో ఎముకల గుట్ట అని పిలిచే చోట ఊరు కట్టుకున్నవాళ్ళు ఆ పాత పేరుకు జడిసి, 1882లో విక్టోరియా రాణి గౌరవార్థం రెజైనా అని మార్చుకున్నారు. తమరు అలాంటి బడాయికి పోలేదు. మురికినీళ్ళు అన్న పేరును సంతోషంగా నెత్తిన పెట్టుకున్నారు. పేరు తీసుకుంటే ఎవరూ బిల్లు వెయ్యరని, అద్దె అడగరని, నేలలాగా దానికి కొలతలూ హద్దులూ ఉండవని తమ పెద్దలు అప్పుడే గ్రహించారు. ఆ గ్రహింపు మీదే తమ నూట యాభై ఏళ్ళ కీర్తి నిలబడి ఉంది.

సంఖ్యాశాస్త్ర విశారదా!

తమరు నగరమయ్యే నెల ముందు, 1873 అక్టోబరు 3న, తమకు తూర్పున ఉన్న అనిషినాబె జనంతో కెనడా ప్రభుత్వం మూడో నంబరు ఒప్పందం చేసుకుంది. చేతులు మారిన నేల 55,000 చదరపు మైళ్ళు. మన తెలంగాణ కంటే పెద్దది. ప్రతిఫలంగా మనిషికి ఒక్కసారి 12 డాలర్లు, ఆపైన ఏటా 5 డాలర్లు. ఆ 5 డాలర్లు ఈనాటికీ 5 డాలర్లే. ధరలు పెరుగుతాయని, జీతాలు పెరగాలని, పార్లమెంటు సభ్యుల భత్యాలు సవరించాలని తెలిసిన దేశానికి ఈ ఒక్క అంకె దగ్గర మాత్రం సంప్రదాయాన్ని కాపాడాలన్న పట్టుదల వచ్చింది. ఏడాదికొకసారి చేతిలో పెట్టే ఆ నోటుతో ఈరోజు తమ వీధిలో ఒక కాఫీ వస్తుంది. బన్ను కావాలంటే వచ్చే ఏడాది దాకా ఆగాలి.

ఒప్పందం అయ్యాక ఆ జనాన్ని రిజర్వుల్లో కూర్చోబెట్టి, వాటికి నంబర్లు వేశారు. తమకు నూట యాభై కిలోమీటర్ల దూరాన, మనిటోబా, ఒంటారియో సరిహద్దుల్లో, షోల్ లేక్ సరస్సు ఒడ్డున ఉన్న ఊరు కాగితాల్లో 'షోల్ లేక్ 40' అయింది. వాళ్ళ మాట తమకు పేరైంది. వాళ్ళ ఊరు తమవాళ్ళకు నంబరైంది. ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇదేనని మాకు ఇప్పటిదాకా తెలియదు.

భాషాపోషక శిరోమణీ!

అదే షోల్ లేక్ ఒడ్డున 1902లో ప్రెస్బిటేరియన్ చర్చి వాళ్ళు సెసీలియా జెఫ్రీ రెసిడెన్షియల్ స్కూలు తెరిచారు. దేశమంతటా అలాంటి బడులు వెలిశాయి. లక్షన్నర మందికి పైగా ఆదివాసీ పిల్లల్ని వాటిలో వేశారు. ఇంటి భాష మాట్లాడిన పిల్లలకు శిక్షలు పడ్డాయని 2015లో తుది నివేదిక ఇచ్చిన సత్య, సయోధ్య కమిషను రికార్డు చేసింది. అంటే తమ మునిసిపాలిటీ లెటరుహెడ్డు మీద, రైల్వే స్టేషను బోర్డు మీద, తపాలా ముద్ర మీద దర్జాగా కూర్చున్న భాషను పిల్లాడు బడిలో పలికితే తప్పు. కాగితం మీద ఉంటే అలంకారం, నోట్లో ఉంటే నేరం! ఒక భాషను ఇంత సూక్ష్మంగా ప్రేమించడం మా తెలుగువాళ్ళకు కూడా ఇంకా చేతకాలేదు. మావాళ్ళు రెండుచోట్లా తీసేస్తారు.

అభినవ భగీరథా!

ఇక తమ మహత్కార్యం దగ్గరికి వస్తున్నాం. 1904, 1905 ప్రాంతాల్లో తమ వీధుల్లో టైఫాయిడ్ చెలరేగింది. పేరుకు తగ్గ నీళ్ళే తాగుతున్నారన్నమాట. మంచినీళ్ళ కోసం దిక్కులు చూస్తే కంటికి ఆనింది షోల్ లేక్. 1913లో మేయరైన థామస్ రస్ డీకన్ స్వయంగా ఇంజినీరు. పట్టుబట్టి పథకాన్ని ఒప్పించారు. సరస్సు తమకంటే సుమారు 90 మీటర్లు ఎత్తున ఉంది. పంపులక్కర్లేదు, నీళ్ళు వాటంతట అవే దిగుతాయి. 1915లో పని మొదలుపెట్టి, ప్రపంచయుద్ధం నడుస్తుండగానే 156 కిలోమీటర్ల కాంక్రీటు కాలువను బురదనేలల మీదుగా వేసేసి, 1919లో కుళాయిలు తిప్పారు. ఇంజినీరింగ్ పరంగా దీనికి వంక పెట్టేవాడు మూర్ఖుడు.

వంక పెట్టేది భగీరథుడు మాత్రమే. ఆ పిచ్చి మహారాజు బూడిదైపోయిన తన పితరులకు సద్గతి కోసం గంగను కిందకి దించాడు. తమరు అక్కడితో ఆగలేదు. నీళ్ళు తోడుకునే చోట షోల్ లేక్ జనం ఊరు ఉండేది, వాళ్ళ పెద్దల్ని పాతిపెట్టిన నేల ఉండేది. రిజర్వు నేల ప్రజావసరానికి కావాలంటే అక్కడివాళ్ళ సమ్మతి లేకుండానే తీసుకోవచ్చని, ఆదివాసుల కోసం కెనడా చేసిన ఇండియన్ చట్టం అప్పటికే చెబుతోంది. 3,000 ఎకరాలకు పైగా నేలకు 1,500 డాలర్ల చిల్లర లెక్కగట్టి, జనాన్ని పక్కనున్న ద్వీపకల్పం మీదకి జరిపారు. ఆయన తన పితరుల కోసం నీళ్ళు తెస్తే, తమరు నీళ్ళ కోసం పరుల పితరుల్ని తవ్వారు. పురాణాన్ని తిరగరాయడానికి దమ్ముండాలి.

తమ ఊరి చెంత ఆ నీళ్ళు నిలిచే రిజర్వాయరుకు డీకన్ గారి పేరు పెట్టారు. సముచితం. మేయరుకు పేరు, ఊరికి నంబరు అన్న సూత్రం ఎక్కడా తప్పలేదు.

క్షీరనీర న్యాయకోవిదా!

హంస పాలనూ నీళ్ళనూ వేరుచేస్తుందని మావాళ్ళు శతాబ్దాలుగా మురిసిపోతున్నారు. తమరు నీళ్ళలోంచి నీళ్ళనే వేరుచేశారు. తమ గొట్టం పెట్టిన ఇండియన్ బే అనే మూలకు ఫాల్కన్ నది వచ్చి కలిసేది. బురదనేలల గుండా వస్తుంది కాబట్టి దాని నీళ్ళు గోధుమరంగులో ఉంటాయి. నగరవాసుల గ్లాసులో ఆ రంగు కనబడకూడదని అడ్డంగా కట్ట కట్టారు. ద్వీపకల్పాన్ని కోస్తూ కాలువ తవ్వి, ఆ గోధుమరంగు నీళ్ళను అవతలి వైపుకు మళ్ళించారు. అవతలి వైపు ఎవరున్నారు? ఇందాక జరిపిన జనం.

ఒక్కసారి ఈ న్యాయం రుచి చూడండి. మురికినీళ్ళు అన్న మాట వాళ్ళది. దాన్ని తమరు తీసుకున్నారు. మంచినీళ్ళు వాళ్ళవి. వాటినీ తీసుకున్నారు. బదులుగా ఏమీ ఇవ్వలేదని అనడానికి వీల్లేకుండా మురికినీళ్ళు పంపించారు. పేరులో ఉన్న అర్థాన్ని యజమానులకు ఇంత నిజాయితీగా వాపసు చేసిన నగరం భూగోళం మీద ఇంకొకటి లేదు.

చాలదన్నట్టు 1989లో తమరు, మనిటోబా ప్రభుత్వం, షోల్ లేక్ 40 జనం కలిసి ఒక ఒప్పందం రాసుకున్నారు. 60 లక్షల డాలర్ల నిధి ఒకటి పెడతామని, అందుకు బదులుగా సరస్సు నీళ్ళు పాడయ్యే పనులేవీ ఆ ఊరివాళ్ళు పెట్టుకోకూడదని దాని సారాంశం. పరిశుభ్రత గురించి ఎవరికి పాఠం చెప్పాలో తమకు బాగా తెలుసు.

ద్వీప నిర్మాణ దక్షా!

ఆ కాలువ తవ్వడంతో ద్వీపకల్పానికి నేలతో ఉన్న బంధం తెగింది. ఊరు దీవి అయింది. దేవుడు మరిచిపోయిన దీవిని పారా పలుగులతో పూర్తిచేశారు. ఎండాకాలం బల్లకట్టు మీద, చలికాలం గడ్డకట్టిన సరస్సు మీద ప్రయాణం. గట్టిపడీ పడని రోజుల్లో మంచు పగిలి మునిగిపోయినవాళ్ళు ఉన్నారు. 2019 దాకా బడికీ ఆస్పత్రికీ బియ్యం ఉప్పుకీ ఇదే దారి.

అడగలేకపోయారా అంటారేమో. 1927లో ఇండియన్ చట్టానికి ఒక సవరణ తెచ్చారు. ఆదివాసులు తమ హక్కుల కోసం దావా వేయడానికి చందాలు పోగుచేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. లేకపోతే నేరం. 1951 దాకా అది అమల్లో ఉంది. విన్నపాలు వినని విన్నిపెగ్ అని అనుప్రాస వేద్దామనుకున్నాం గానీ, విన్నపం రాసుకునే కాగితానికి చిల్లర పోగుచేసుకోవడమే తప్పయిన చోట వినేందుకు ఏముంటుంది? చెవులది తప్పు కాదు.

1997లో ఆ ఊళ్ళో నీళ్ళు కాచి తాగాలని అధికారులు హెచ్చరిక పెట్టారు. ఇరవై నాలుగేళ్ళకు పైగా తియ్యలేదు. శుద్ధి కేంద్రం కడదామంటే, రోడ్డు లేని దీవికి సామాను చేరవేయడం ఖర్చెక్కువ అన్నారు. రోడ్డు ఎందుకు లేదంటే ఊరు దీవి కాబట్టి. దీవి ఎందుకయిందన్న ప్రశ్న ఏ ఫైల్లోనూ పెట్టినట్టు లేదు. ఆ ఇరవై నాలుగేళ్ళూ సరస్సు ఒడ్డున ఉన్న జనానికి సీసాల్లో నీళ్ళు తెచ్చి ఇచ్చారు. వాళ్ళ కళ్ళముందే సరస్సు కాలువలోకి దిగి తమ వంటగదుల్లోకి పోతూ ఉండేది. 2009లో తమరు మరింత శ్రద్ధ తీసుకుని, డీకన్ రిజర్వాయరు దగ్గర సుమారు 30 కోట్ల డాలర్లతో కొత్త శుద్ధి కేంద్రం కట్టుకున్నారు. శుభ్రమైన నీళ్ళను ఇంకా శుభ్రం చేసుకోవడంలో తమకున్న ఆసక్తి ఆదర్శప్రాయం.

మానవహక్కుల మందిర స్థాపకా!

2014 సెప్టెంబరులో 35 కోట్ల డాలర్లతో కట్టిన కెనడా మానవహక్కుల మ్యూజియం తమ నడిబొడ్డున తెరుచుకుంది. ప్రపంచంలో ఎవరు ఎవరిని అణచివేశారో గాజుగోడల మధ్య చక్కగా చూపిస్తారు. చూసి చూసి బరువెక్కిన మనసు తేలికపడడానికి లోపల ఒక ధ్యానవనం, అందులో నీటి మడుగులు. ఊరి నీళ్ళు ఎక్కడివో ఇప్పటికి పాఠకులకు తెలుసు. షోల్ లేక్ పెద్దలకు ఇంకా ముందే తెలుసు. వాళ్ళు తిట్టలేదు, రాళ్ళు వెయ్యలేదు. ఆ నెలలోనే వాళ్ళ సొంత ఊళ్ళో 'కెనడా మానవహక్కుల ఉల్లంఘనల మ్యూజియం' అని ఒకటి తెరిచారు. గాజుపెట్టెలు లేవు. బల్లకట్టు, కాలువ, నీళ్ళ సీసాలు, వాటిని మోసే మనుషులు, ఊరికి ఊరే ప్రదర్శన. వ్యంగ్యం రాసి పొట్ట పోసుకునే మాలాంటివాళ్ళం ఆ బోర్డు ముందు కలం కిందపెట్టాల్సిందే. ఈ పత్రంలో బాగున్న వాక్యాలుంటే వాళ్ళ దగ్గర నేర్చుకున్నవని మనవి.

నామసంకీర్తన పరాయణా!

ఈమధ్య తమలో భక్తి పెరిగింది. మీటింగు ఏదైనా మొదట ఈ నేల ఒకటో నంబరు ఒప్పందం వాళ్ళదని, ఈ నేల మీద ఫలానా ఫలానా జాతులుండేవని చదువుతున్నారు. విన్నిపెగ్ విశ్వవిద్యాలయం వాళ్ళయితే మా నీళ్ళు షోల్ లేక్ 40 నుంచి వస్తున్నాయని కూడా కలిపి చదువుతారు. పురోహితుడు సంకల్పంలో ద్వీపాలూ వర్షాలూ ఏకరువు పెడుతుంటే ఇంటాయన ఫోను చూసుకుంటూ తలాడించినట్టు, సభికులు తలాడిస్తారు. తరవాత అసలు అజెండా మొదలవుతుంది. నేల ఎవరిదో చెప్పేశాక, ఇక దాని గురించి చెయ్యాల్సిందేమైనా ఉందా అని అడిగేవాడు అమర్యాదస్తుడు.

2023లో తమ కౌన్సిలు ఇంకో అడుగు వేసింది. రెసిడెన్షియల్ స్కూళ్ళకు కొమ్ముకాసిన బిషప్ గ్రాండిన్ పేరున్న పెద్ద రోడ్డును 'అబినోజీ మికనా'గా మార్చాలని తీర్మానించింది. పిల్లల దారి అని అర్థం. మంచి పని. బిషప్పు బోర్డు దిగినందుకు ఏ తల్లీ ఏడవదు. నాలుక తిరగదని సణిగేవాళ్ళు నూట యాభై ఏళ్ళుగా ఒక క్రీ మాటనే తడబడకుండా తమ ఊరి పేరుగా పలుకుతున్నారని గుర్తుచేసుకుంటే సరి. మాకు నచ్చింది మాత్రం ఇందులోని పొదుపు. పేరు తీసుకున్నప్పుడూ ఖర్చు కాలేదు, పేరు తిరిగి ఇస్తున్నప్పుడూ బోర్డు రంగు ఖర్చే. మధ్యలో పోయిన నేల, నీళ్ళు, మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కమిటీ వేస్తారు, నివేదిక తెప్పిస్తారు, నగరం, రాష్ట్రం, కేంద్రం, ఈ మూడు ప్రభుత్వాల్లో ఎవరి వాటా ఎంతో తేలాలంటారు.

తెలుగువారి ప్రియనగరమా!

తమ చలికి వెరవకుండా మా కుర్రకారు కూడా అక్కడికి చేరుతోంది. మనిటోబా విశ్వవిద్యాలయంలో సీటు, తరవాత రాష్ట్రం నామినేషను, ఆపైన పీఆర్ అన్న మెట్లు వాళ్ళకు కంఠతా వచ్చు. దిగిన వారం ఇంటికి వీడియో కాల్ చేసి, "అమ్మా, ఇక్కడ కుళాయి తిప్పి పట్టుకుని తాగెయ్యడమే, కాచక్కర్లేదు" అంటాడు కొడుకు. ఇవతల ఇరవై లీటర్ల క్యాను వాడి కోసం గుమ్మంలో నిలబడ్డ తల్లి, "అదృష్టవంతుడివిరా నాన్నా" అంటుంది. కాచుకునే పని ఎవరి నెత్తిన పడిందో కొడుక్కి తెలియదు, తల్లి అడగదు. వాణ్ణి ఏమనగలం? ఇక్కడ పెరిగినప్పుడు తన గ్లాసులో నీళ్ళు ఏ ఊరు ముంచి తెచ్చారని అడిగాడా, అక్కడికెళ్ళి అడగడానికి! పౌరసత్వ పరీక్షలో ఆ ప్రశ్న పెడితే తప్ప నేర్చుకోడు.

ఆలస్యామృత ప్రదాతా!

న్యాయంగా ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాం. 2019 జూన్‌లో దీవి నుంచి హైవే దాకా 24 కిలోమీటర్ల రోడ్డు తెరిచారు. మూడు ప్రభుత్వాలూ ఖర్చు పంచుకున్నాయి. ఊరివాళ్ళు దానికి స్వేచ్ఛా మార్గం అని పేరు పెట్టుకున్నారు. 2021 సెప్టెంబరులో 3 కోట్ల 30 లక్షల డాలర్ల శుద్ధి కేంద్రం వచ్చి, హెచ్చరిక తొలగిపోయింది. 2023లో అనిషినాబె మనిషి వాబ్ కినూ మనిటోబా ముఖ్యమంత్రి అయ్యారు. అది ఆయన సంపాదన, ఓటర్ల తీర్పు. తమ ఖాతాలో వేసుకోకండి.

మొదటి రెండిటి ఆలస్యంలో తమ వాటా ఉంది కాబట్టి లెక్క చదువుతాం. నీళ్ళు తెచ్చుకునే 156 కిలోమీటర్లు, యుద్ధకాలంలో, నాలుగేళ్ళు. మనుషులు నడిచే 24 కిలోమీటర్లు, శాంతికాలంలో, నూరేళ్ళు. సరస్సు నీళ్ళు తమ కుళాయిలోకి 1919లో వచ్చాయి. సరస్సు ఒడ్డున ఉన్నవాడి కుళాయిలోకి శుభ్రమైన నీళ్ళు 2021లో వచ్చాయి. తేడా 102 ఏళ్ళు. ఆ వేగానికి ఈ బిరుదు.

చివరిగా,

సన్మానం పొందినవారు రెండు మాటలు మాట్లాడటం ఆనవాయితీ. తమకు ఆ శ్రమ వద్దు. మాటల విషయంలో తమరు మొదటినుంచీ ధనవంతులే, అవి కూడా అరువు తెచ్చుకున్నవి. బదులుగా ఒక చిట్టా చదివి వినిపించండి. 1919 నుంచి ఈ ఉదయం దాకా ఎన్ని గాలన్ల నీళ్ళు దిగాయి, ఆ నీళ్ళ మీటరు బిల్లుల్లో తమ ఖజానాకు ఎంత చేరింది, అందులో నంబరు 40కి పోయింది ఎంత. మీటర్లు తమ దగ్గరే ఉన్నాయి. కూడికలు తమకు వచ్చు. 5 డాలర్ల అంకెను నూట యాభై ఏళ్ళు గుర్తుపెట్టుకున్న దేశానికి జ్ఞాపకశక్తి లేదని ఎవరూ అనలేరు.

శాలువా ఖరీదు మేం పెట్టుకున్నాం. నీళ్ళ ఖరీదు తమరు చూసుకోండి.

ఇట్లు,
కుళాయి తిప్పేటప్పుడు ఎక్కడివని అడిగే అలవాటు తమకూ లేని
సన్మాన సంఘ సభ్యులు